చందమామ కూడా పడుతోంది



మీ ఇంట్లో తొమ్మిదో తరగతి చదివే పిల్ల గానీ పిల్లాడు గానీ ఉంటే, ఈ ప్రసంగం అయ్యాక ఒక ప్రశ్న అడిగి చూడండి. 2025 జూన్ నెలాఖరున మన వ్యోమగామి శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లాడు. అక్కడ తేలుతూ టీవీలో కనిపించాడు. ఎందుకు తేలాడు? మన శ్రీకాకుళం, విజయనగరం పిల్లలైతే తడుముకోకుండా చెప్పేస్తారు: "అక్కడ గురుత్వాకర్షణ ఉండదు కదేటి మాస్టారూ!" పిల్లల సంగతి సరే, టీచర్లు కూర్చున్న గదిలో ఇదే ప్రశ్న వేసినా చాలాచోట్ల ఇదే జవాబు వస్తుంది.

ఈ జవాబు తప్పు. అంతరిక్ష కేంద్రం నేలకు సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంది. శ్రీకాకుళం నుంచి విజయవాడకి, రోడ్డు వంకరలేవీ లేకుండా మ్యాపు మీద స్కేలు పెట్టి గీత గీస్తే ఇంచుమించు అంతే దూరం. ఆ గీతని నిలువుగా లేపి నిలబెట్టామంటే దాని కొసన అంతరిక్ష కేంద్రం ఉంటుంది. భూమి నడిబొడ్డు నుంచి మన కాళ్ల కింది నేల 6,371 కిలోమీటర్ల దూరం. దానికి ఇంకో 400 కలిపినంత మాత్రాన గురుత్వాకర్షణ మాయమైపోతుందా? లెక్క కడితే, నేల మీద 9.8 ఉన్న గురుత్వ త్వరణం అక్కడ 8.7 వస్తుంది. పదోవంతు కంటే కాస్త ఎక్కువ తగ్గింది, అంతే. అంత ఎత్తు స్తంభం ఒకటి కట్టి, దాని కొసన బరువు చూసే మిషన్ పెట్టి, 60 కిలోల మనిషిని ఎక్కించామనుకోండి. మిషన్ 53 చూపిస్తుంది. ఆ మనిషి తేలడు. మామూలుగానే నిలబడతాడు. కాలు జారితే కింద పడతాడు కూడా.

ఈ పొరపాటు ఎక్కడి నుంచి వచ్చిందంటే, గాలి లేని చోట గురుత్వాకర్షణ కూడా ఉండదని పిల్లలు లోలోపల అనుకుంటారు. పైకి పోతే గాలి పలచబడిపోతుందని ఆరో తరగతి నుంచీ వింటారు కాబట్టి రెండూ కలిపేసుకుంటారు. దీనికి విరుగుడు చందమామ మీదే ఉంది. 1971 ఆగస్టు 2న అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ అక్కడ నిలబడి ఒక చేత సుత్తి, మరో చేత పక్షి ఈక పట్టుకుని రెండూ ఒకేసారి వదిలాడు. గాలి చుక్క లేదు. రెండూ కింద పడ్డాయి, ఒకేసారి నేలకి తగిలాయి. ఆ వీడియో ఇప్పుడు ఏ ఫోన్లోనైనా దొరుకుతుంది. చూపించండి. నిమిషం పట్టదు.

నేను శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఫిజికల్ సైన్స్ చెప్పినవాణ్ని. గురుత్వాకర్షణ పాఠంలో పిల్లలకి అందవలసింది ఒకటే ఒకటని నా నమ్మకం: అంతరిక్షంలో తిరిగేదేదైనా పడుతూ ఉన్నదే. సూత్రాలూ లెక్కలూ దాని వెనక వస్తాయి. మన దగ్గర జరిగేది తలకిందులు. మొదటి పీరియడ్‌లోనే బోర్డు మీద సూత్రం రాసేస్తాం. ద్రవ్యరాశుల లబ్ధానికి అనులోమం, దూర వర్గానికి విలోమం అని పిల్లలు వల్లించేస్తారు. లెక్కలు చేస్తారు, మార్కులు తెచ్చుకుంటారు. శుక్లా ఎందుకు తేలాడంటే మాత్రం మళ్లీ పాత మాటే.

దీనికి నాకు తెలిసిన మందు ఒక వాటర్ బాటిల్. లీటరు బాటిల్ తీసుకుని, అడుగుకి రెండు వేళ్ల ఎత్తున, కాల్చిన మేకుతో ఒక కన్నం పెట్టండి. కన్నానికి వేలు అడ్డం పెట్టి నీళ్లు నింపండి. మూత పెట్టకూడదు. మూత ఉంటే ధార సరిగ్గా రాదు, ప్రయోగం అక్కడే చెడుతుంది. మేడ మీది వరండాలో ఒక పిల్లాడు బాటిల్ పట్టుకుని నిలబడతాడు. కింద కొందరు, పక్కన ఫోన్ పట్టుకుని ఒకరు. వేలు తీస్తే ధార వంపు తిరిగి పడుతూ ఉంటుంది. ఇప్పుడు బాటిల్‌ని వదిలెయ్యాలి. వదిలే ముందు మాస్టారు ఒక్క పని చేయించాలి: ధార ఏమవుతుందో ఎవరికి వారు నోట్‌బుక్కులో రాసి సంతకం పెట్టాలి. ఇంకా ఎక్కువ వస్తుందని కొందరు, పైకి చిమ్ముతుందని కొందరు, అలాగే ఉంటుందని కొందరు రాస్తారు.

వదిలాక సెకను లోపే అంతా అయిపోతుంది. ఫోన్లో స్లో మోషన్లో చూస్తే తెలుస్తుంది. బాటిల్ చేతిని విడిచిన క్షణం నుంచి నేలకి తగిలే దాకా కన్నంలోంచి చుక్క రాదు. "నీల్లు ఆగిపోనాయి మాస్టారూ!" అని అరుస్తారు. ఆ తరవాత అసలు క్లాసు మొదలవుతుంది. ఒకడు, గాలి అడ్డం వచ్చి ఆపేసింది అంటాడు. ఇంకొకతె, బాటిలూ నీళ్లూ ఒకే వేగంతో పడతన్నాయి కాబట్టి అంటుంది. ఆమె దగ్గరికొచ్చేసింది. కానీ వెంటనే ఔనని చెప్పెయ్యకూడదు. బాటిల్‌ని ఈసారి పైకి విసిరించండి. కింద పడేటప్పుడు సరే, పైకి వెళ్లేటప్పుడు కూడా ధార రాదు. గాలి అడ్డం వచ్చిందన్నవాడికి ఇక్కడ మాట ఆగిపోతుంది.

కారణం చెప్పడానికి పెద్ద మాటలేమీ అక్కర్లేదు. చేతిలో ఉన్నప్పుడు పై నీరు కింది నీటిని నొక్కుతుంది. ఆ నొక్కుడికే కన్నంలోంచి ధార వస్తుంది. ఆనుకోవడానికి ఏమీ లేకుండా పై నీరు, కింది నీరు, బాటిల్ అన్నీ కలిసి పడుతుంటే ఎవరు ఎవర్ని నొక్కుతారు? అంతరిక్ష కేంద్రంలోనూ ఇదే జరిగింది. శుక్లా, ఆయన చేతిలో కలం, చుట్టూ గోడలు అన్నీ కలిసి పడుతూ ఉండేవి. కలం వదిలితే ఆయన పక్కనే పడుతూ ఉండేది. మనకి తేలినట్టు కనిపించేది. పుస్తకంలో భారరహిత స్థితి అని రాసేది దీన్నే.

ఇక్కడ తెలివైన క్లాసు అయితే ఊరుకోదు. "పడతా ఉంటే నేల మీదకి వచ్చీవాల కదా మాస్టారూ? మరి రాదేటి?" అంటారు. ఈ ప్రశ్న రాకపోతే రప్పించాలి.

న్యూటన్‌కి ఒక ఊహ ఉంది. ఎత్తైన కొండ మీద నుంచి ఒక వస్తువుని అడ్డంగా విసిరితే, వేగం పెరిగే కొద్దీ అది దూరంగా పడుతుంది. ఇంకా పెంచితే చివరికి పడనే పడదు. ఆయన 1727లో పోయాక, మరుసటి ఏడు అచ్చయిన పుస్తకంలో దీని బొమ్మ ఉంది. పుస్తకాల్లో ఆ కొండకి పేరు ఉండదు. మనకి ఊరూ పేరూ ఉన్న కొండే ఉంది. మందస, సోంపేట వైపు పిల్లలు పొద్దున్న లేస్తే కనిపించేది మహేంద్రగిరి. కొండ ఒడిశాలో ఉన్నా దాని నీడంతా మన ఉద్దానం మీదే. ఎత్తు 1,501 మీటర్లు. బోర్డు మీద ఎడమ పక్క మహేంద్రగిరి, కుడి పక్క బారువ, ఆపైన సముద్రం గీయండి. గాలి లేదనుకోండి, కొండ అడ్డూ లేదనుకోండి.

కొండ మీద నుంచి రాయిని ఊరికే వదిలితే సముద్ర మట్టానికి రావడానికి పదిహేడున్నర సెకన్లు. అడ్డంగా విసిరినా అదే పదిహేడున్నర సెకన్లు. తుపాకీ గుండులా సెకనుకు 800 మీటర్ల వేగంతో పోయిందంటే ఆ వ్యవధిలో 14 కిలోమీటర్లు వెళ్లి ఉద్దానం తోటల్లో పడుతుంది. సెకనుకు కిలోమీటరున్నర వేగమైతే ఉజ్జాయింపుగా బారువ ఒడ్డు. ఇంకా పెంచితే బంగాళాఖాతంలో. ఇక్కడి నుంచి ఒక కొత్త విషయం లెక్కలోకి వస్తుంది. భూమి బల్లపరుపు కాదు. రాయి కిందికి వంగుతుంటే నేల కూడా కిందికి వంగుతోంది. ఎంత? సుమారు 8 కిలోమీటర్లకి 4.9 మీటర్లు. మొదటి సెకనులో పడే వస్తువు ఎంత పడుతుంది? అదీ 4.9 మీటర్లే. అంటే సెకనుకి 8 కిలోమీటర్ల దగ్గర దగ్గర, లెక్కగా చెప్పాలంటే 7.9, వేగంతో విసిరిన రాయి ఎంత పడుతుందో నేలా అంతే జారిపోతుంది. పడుతూనే ఉంటుంది, నేల మాత్రం అందదు. భూమి తన చుట్టూ తాను తిరగడం పక్కన పెడితే, 84 నిమిషాల తరవాత ఆ రాయి పడమటి కొండల మీదుగా వచ్చి విసిరినవాడి వీపుకే తగులుతుంది. క్లాసు నవ్వుతుంది. నవ్వనివ్వండి. వీపుకి తగిలిన రాయిని పదో తరగతి పరీక్షలయ్యాక కూడా మర్చిపోరు.

ఇప్పుడు శ్రీహరికోట రాకెట్టు మళ్లీ చూపిస్తే వేరేగా కనిపిస్తుంది. అది నిటారుగా లేచి, కాసేపటికే ఎందుకు పక్కకి ఒరిగిపోతుందని పిల్లలు అడుగుతుంటారు. ఎత్తుకి పోవడం రాకెట్టు పనిలో చిన్న భాగం. పెద్ద భాగం అడ్డంగా వేగం పుంజుకోవడం. అంతరిక్ష కేంద్రం వేగం సెకనుకు సుమారు 7.7 కిలోమీటర్లు. విజయనగరం మీద కనిపించినది ఏడెనిమిది సెకన్లలో శ్రీకాకుళం మీద ఉంటుంది. మనం కాంప్లెక్సులో బస్సెక్కి టికెట్ తీసుకునేలోపు అది ఎక్కడికి పోతుందో పిల్లలనే లెక్క కట్టమనండి.

చందమామ సంగతికి వద్దాం. భూమి వ్యాసార్థానికి అది 60 రెట్ల దూరంలో ఉంది. దూర వర్గానికి విలోమం అని పిల్లలు వల్లించిన మాట ఇక్కడ పనికొస్తుంది. 60ని 60తో గుణిస్తే 3,600. కాబట్టి ఇక్కడ ఒక సెకనులో 4.9 మీటర్లు పడేది అక్కడ దానిలో 3,600వ వంతు పడాలి. భాగించండి. మిల్లీమీటరున్నర లోపు. ఒక ఆవగింజంత. చందమామ తిన్నగా పోవలసిన దారి నుంచి సెకనుకి నిజంగా ఎంత మన వైపు ఒరుగుతోందో, దాని కక్ష్య నుంచి విడిగా కట్టినా అదే ఆవగింజంత వస్తుంది. చెట్టు నుంచి రాలిన మామిడికాయకీ చందమామకీ ఒకే లెక్క సరిపోతుందని న్యూటన్ తనకు తాను నిరూపించుకున్నది ఇలాగే. ఈ భాగహారం మాస్టారు చెయ్యకూడదు. చాక్‌పీసు పిల్లలకిచ్చి పక్కన నిలబడాలి.

ఇవన్నీ ఎక్కడో ఉన్న వ్యవహారాలనుకుంటారని ఇంటి మీదికి తెస్తున్నాను. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా కూలాయో అక్కడి పిల్లలకి నేను చెప్పక్కర్లేదు. ఆ తుపాను సముద్రంలో ఉండగానే ఫొటోలు తీసి పంపినవి ఇన్సాట్ ఉపగ్రహాలు. భూమధ్య రేఖ మీద దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. అక్కడ భూమి లాగే బలం నేల మీది దానిలో 44వ వంతు మాత్రమే. అందుకని అక్కడ వేగం తక్కువైనా సరిపోతుంది, సెకనుకి మూడు కిలోమీటర్లు. చుట్టు తిరగడానికి ఒక రోజు పడుతుంది. భూమీ రోజుకొక చుట్టే కాబట్టి మనకి అవి కదలనట్టే ఉంటాయి. అవీ పడుతూనే ఉన్నాయి.

ఇలా కదలనట్టుండే ఉపగ్రహాలు భూమధ్య రేఖ మీదే ఉంటాయని నమ్మకపోతే వీధిలో తిరిగి చూడమనండి. నా క్లాసులకి నేనిచ్చే ఇంటిపని ఇది. ఊళ్లో డాబాల మీద ఉన్న టీవీ డిష్‌లు ఏ వైపు చూస్తున్నాయో ఫోన్లోని దిక్సూచితో రాసుకురావాలి. కంపెనీని బట్టి కొన్ని తిన్నగా దక్షిణానికి, కొన్ని ఆగ్నేయానికి ఉంటాయి. ఉత్తరానికి తిరిగిన డిష్ ఒక్కటీ దొరకదు. ఎందుకో చెప్పాలంటే భూమధ్య రేఖ మనకి ఏ వైపు ఉందో, ఉపగ్రహం దాని మీదే ఎందుకు ఉండాలో ఆలోచించక తప్పదు. సొంత ఊరి డాబాల పట్టిక మీద జరిగినంత వాదన పుస్తకంలోని బొమ్మ మీద జరగదు.

గురుత్వాకర్షణని కొలిచిన మనుషుల్లో ఒకరి కథ మన జిల్లాలతో ముడిపడి ఉంది. సర్వే చరిత్ర చదివేవాళ్లకి తప్ప ఎవరికీ తెలియదు. 1862లో, విజయనగరం కూడా విశాఖపట్నం జిల్లాలోనే ఉన్న రోజుల్లో, మహా త్రికోణమితి సర్వే వాళ్లు ఇక్కడ ఒక ఆధార రేఖ కొలిచారు. కొన్ని మైళ్ల నేలని లోహపు కడ్డీలు వరసగా పేర్చి, అంగుళంలో చిన్న భాగం కూడా తేడా రాకుండా కొలవడమన్నమాట. ఆ పని చేసిన అధికారి కెప్టెన్ జేమ్స్ పల్లాడియో బసేవి. కొన్నేళ్లకి ఆయనకి ఇంకో పని అప్పగించారు. రాయల్ సొసైటీ వాళ్ల ఇత్తడి లోలకాలు రెండు పట్టుకుని దేశమంతా తిరిగి, గాలి తీసేసిన పెట్టెలో వాటిని ఊపి, ఒక్కొక్క చోట భూమి ఎంత బలంగా లాగుతోందో కొలవాలి. అలా కొలుస్తూ కొలుస్తూ హిమాలయాలు దాటి లద్దాఖ్ పీఠభూమికి వెళ్లాడు. పదిహేను వేల అడుగుల పైన, ఆ చలిలో, పని మధ్యలోనే 1871 జూలై 17న కన్నుమూశాడు. కొలతలు మాత్రం మిగిలాయి. అంత పెద్ద పర్వతాలు ఉన్న చోట గురుత్వం లెక్కకి రావలసినంత లేదని, అంటే కొండల కింద లోతున తేలిక పదార్థం ఉండి ఉండాలని అప్పటికే కొందరు ఊహించినదానికి అవి బలమిచ్చాయి. చంద్రుడి మీద స్కాట్ సుత్తి వదిలింది బసేవి పోయిన నూరేళ్లు నిండిన పదహారో రోజున. కాకతాళీయమే, కానీ క్లాసులో చెప్తే తారీఖులు గుర్తుంటాయి.

బసేవి లోలకం మన బడిలోనూ తయారవుతుంది. దారానికి ఒక నట్టు కట్టండి. కట్టిన చోటు నుంచి నట్టు మధ్య దాకా సరిగ్గా మీటరు ఉండాలి. ఇక్కడే పిల్లలు తప్పు చేస్తారు, నట్టు పై అంచు దాకా కొలుస్తారు. కొంచెం మాత్రం పక్కకి లాగి వదిలి, ఇరవై ఊపులకి ఎంతసేపు పట్టిందో చూడాలి. 40 సెకన్ల మీద కాస్త. బరువైన నట్టు కడితే త్వరగా ఊగుతుందని పందెం కాస్తారు. కట్టి చూడమనండి. ఓడిపోతారు. ఆ కాలం నుంచి గురుత్వ త్వరణం కట్టుకుంటే 9.6కీ 10కీ మధ్య ఎక్కడో వస్తుంది. అసలు విలువ శ్రీకాకుళం దగ్గర 9.785 ప్రాంతం. ధ్రువం దగ్గరైతే 9.832. ఈ చిన్న తేడాకి ఏమవుతుందంటే, ధ్రువం దగ్గర సరిచేసిన స్ప్రింగు కాటా మన ఊరు తెచ్చి 50 కిలోల బియ్యం బస్తా తగిలిస్తే ఇంచుమించు పావు కిలో తక్కువ చూపిస్తుంది. బియ్యం గింజ ఒకటీ తగ్గలేదు. అదే బస్తాని పళ్లేల త్రాసులో తూస్తే ఎక్కడైనా 50 కిలోలే. భారానికీ ద్రవ్యరాశికీ తేడా రాయండి అని నాలుగు మార్కుల ప్రశ్న వస్తుంది చూడండి, దానికి ఈ బస్తా ఒక్కటీ చాలు.

చివరిగా కళింగపట్నం, భావనపాడు, బారువ వైపు మత్స్యకారుల పిల్లల ప్రశ్న ఒకటి ఉంది. బడిలో చదివినదాని కంటే వాళ్లకి సముద్రం దగ్గర ఎక్కువ తెలుసు. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువని, పోటు రోజూ ముప్పావు గంట పైన ఆలస్యంగా వస్తుందని చిన్నప్పుడే తెలుసు. చంద్రుడు లాగితే పోటు వస్తుందని పుస్తకం చెప్తుంది. వాళ్లు అడిగేది: "చంద్రుడు ఒకేపు నుంచే కదా లాగతాడు, మరి రోజుకి రెండు పోట్లెందుకు మాస్టారూ?"

చాలా పుస్తకాలు ఈ ప్రశ్న దగ్గర గొంతు తగ్గిస్తాయి. బాటిల్ ప్రయోగం చేసిన క్లాసుకి మాత్రం జవాబు అందుతుంది. చంద్రుడు భూమి వైపు పడుతున్నట్టే భూమి కూడా చంద్రుడి వైపు పడుతోంది. ఇద్దరూ కలిసి ఒక బిందువు చుట్టూ తిరుగుతున్నారు. చంద్రుడికి దగ్గరగా ఉన్న వైపు నీరు, భూమి మధ్య కంటే కాస్త ఎక్కువ లాగుడుకి లోనవుతుంది. కాబట్టి అది ముందుకి పడుతుంది. అవతలి వైపు నీటి మీద లాగుడు తక్కువ. అది వెనకబడుతుంది. ముందుకి పడ్డ నీరు ఒక ఉబ్బు, వెనకబడ్డ నీరు ఒక ఉబ్బు. భూమి ఒక చుట్టు తిరిగేసరికి మన తీరం రెండిటి కిందనుంచీ పోతుంది. అందుకే పన్నెండు గంటల పాతిక నిమిషాలకొక పోటు. సూర్యుడు కూడా ఇదే పని చేస్తాడు, చంద్రుడి బలంలో సగం కంటే కాస్త తక్కువగా. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ముగ్గురూ ఒక వరసలోకి వస్తారు, రెండూ కలిసిపోతాయి. వాళ్ల నాన్నలకి తెలిసిన పోటుకి ఇదీ కారణమని చెప్పినప్పుడు, వెనక బెంచీల్లో కూర్చునే ఆ పిల్లలే క్లాసుకి పాఠం చెప్పడం మొదలుపెడతారు. సముద్రం ఎరగని పిల్లలు వాళ్లని ప్రశ్నలు వేస్తారు. ఆ పీరియడ్ మాస్టారు వినడానికే.

భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతోంది కాబట్టి అదీ సూర్యుడి వైపు పడుతున్నట్టేనని ఈపాటికి వాళ్లే చెప్పేస్తారు. ఇక ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "మరైతే సూర్యుడు కూడా పడతన్నాడేటి మాస్టారూ?" పడుతున్నాడు. పాలపుంత నడిమధ్య వైపు, మనందర్నీ వెంటేసుకుని, దాని చుట్టూ సెకనుకి 200 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో తిరుగుతూ. ఒక చుట్టుకి ఇరవై కోట్ల ఏళ్ల పైనే పడుతుంది. ఇది పరీక్షకి రాదు. అయినా చెప్పండి.